పేరు లేని రక్తం నుంచి జన్యువు నోరు మూయించే మందు దాక: కామెర్ల చరిత్రలో మన జాగ ఎక్కడ?

పోస్టు జర పెద్దగున్నది, తీరిగ్గ చదవండి. హాస్టల్‌లో ఉన్న తమ్ముళ్లు, చెల్లెళ్లు చివరి దాక తప్పకుండా చదవాలె. ఎందుకో చివర్ల మీకే అర్థమైతది.

మన తండాలల్ల, గూడేలల్ల కామెర్లు అంటే తెలియనోళ్లు ఉండరు. కొన్ని దిక్కుల పసిరికలు అంటరు. కండ్లు పచ్చబడంగనే పసరు మందు పోసే ఇంటికి తీసుకపోతరు. పదిహేను రోజులు పథ్యం, ఉప్పు కారం బంద్. చాలా మందికి తగ్గుతది కూడా. నీళ్ల ద్వారా, తిండి ద్వారా వచ్చే హెపటైటిస్ ఏ, ఈ రకాలు ఎక్కువ శాతం వాటంతట అవే తగ్గిపోతయి కాబట్టి ఆ పేరు పసరుకు వస్తది. కాని అదే కామెర్లలో బీ, సీ అనే ఇంకో రెండు రకాలున్నయి. ఇవి రక్తం ద్వారా వస్తయి. చప్పుడు చెయ్యకుండ కాలేయంలో ఇరవై, ముప్పై ఏండ్లు కూర్చుంటయి. కండ్లు పచ్చబడకపోవచ్చు, ఆకలి తగ్గకపోవచ్చు. ఒకరోజు పొట్టల నీరు చేరినంక, కాలేయం గట్టిపడినంక, లేకపోతే క్యాన్సర్ అయినంక బయటపడుతది.

ఈ హెపటైటిస్ బీ కథ మొదలైందే ఒక ఆదివాసి రక్తంతోటి. ఇది చాలా మందికి తెల్వదు.

అమెరికాలో బరూక్ బ్లంబర్గ్ అనే డాక్టర్ ఉండె. ఒకే జబ్బు కొందరికి ఎందుకు వస్తది, కొందరికి ఎందుకు రాదు అన్నది ఆయన ప్రశ్న. దాని కోసం ప్రపంచం నలుమూలల నుంచి రకరకాల జాతుల రక్తం నమూనాలు జమ చేసిండు. మాటిమాటికి రక్తం ఎక్కించుకునే హీమోఫీలియా రోగుల రక్తంలో ఇతరుల రక్తానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు తయారైతయి. వాటిని ఈ నమూనాలతో కలిపి చూస్తుంటే, 1960ల మొదట్లో న్యూయార్క్ రోగి రక్తం ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంతో కలిసి ఒక గీత కట్టింది. అంటే ఆ ఆదివాసి రక్తంలో ఏదో కొత్త పదార్థం ఉందన్నట్టు. దానికి ‘ఆస్ట్రేలియా యాంటిజెన్’ అని పేరు పెట్టి 1965లో ప్రచురించిండ్రు. అది హెపటైటిస్ బీ వైరస్ పైపొర అని తర్వాత రెండు మూడేండ్లల్ల తేలింది. ఇయ్యాల మనం ల్యాబ్‌కు పోయి చేయించుకునే హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష చూసేది ఆ పదార్థాన్నే. 1976లో బ్లంబర్గ్‌కు నోబెల్ వచ్చింది. ఆయన పుట్టినరోజు జూలై 28నే ప్రపంచ హెపటైటిస్ దినంగా జరుపుతున్నరు. ఆ పదార్థానికి ఖండం పేరు పెట్టిండ్రు. రక్తం ఇచ్చిన మనిషి పేరు మాత్రం దానికి ఎక్కలేదు.

బ్లంబర్గ్‌ను చిన్నగ చేసుడు నా ఉద్దేశం కాదు. ఆయన పని వల్ల రక్తనిధులల్ల పరీక్షలు వచ్చినయి, టీకా వచ్చింది, లెక్కలేనన్ని ప్రాణాలు నిలిచినయి. కాని ఇచ్చినోళ్లకు తిరిగి ఏం దక్కింది అని అడిగే హక్కు మనకుంది. ఈ పోస్టంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టే తిరుగుతది.

మన దగ్గర ఎంత ఉంది?

2007లో ఇండియన్ పీడియాట్రిక్స్ పత్రికలో మన దేశంలో అప్పటిదాక జరిగిన సర్వేలన్నిటినీ కలిపి లెక్కగట్టిన ఒక వ్యాసం వచ్చింది. దాని ప్రకారం గిరిజనేతరుల్లో హెపటైటిస్ బీ 2.4 శాతం ఉంటే, గిరిజనుల్లో 15.9 శాతం. అంటే ఆరు రెట్ల కన్నా ఎక్కువ. ఈ అంకెను చూసి భయపడొద్దు, గట్లని మొత్తం మన మీదికి తెచ్చుకోవద్దు. అందులో అండమాన్ నికోబార్ జాతుల లెక్కలు కూడా ఉన్నయి, అక్కడ వ్యాప్తి చాలా ఎక్కువ. నికోబారీల్లో దాదాపు 23 శాతం మందికి ఉన్నట్టు ఐసీఎంఆర్ పోర్ట్‌బ్లేర్ కేంద్రం సర్వేలు చెప్పినయి. లంబాడ, కోయ, గోండు, చెంచు, ఎరుకల అందరికీ ఒకే లెక్క పెట్టలేం. మన హైదరాబాద్‌లోనే డెక్కన్ మెడికల్ కాలేజీలోని కాలేయ పరిశోధన కేంద్రం వాళ్లు దక్షిణ భారత గిరిజనుల్లో బీ, సీ వైరస్‌లు ఎంత ఉన్నయి, ఏ రకాలున్నయి, ముప్పు ఎట్ల వస్తున్నది అన్న అధ్యయనం 2003లోనే ప్రచురించిండ్రు. అసొంటి పని ఇంకా చాలా జరగాలె.

ఎక్కువ ఎందుకుంటది? రక్తంలో ఏదో లోపమని ఎవరన్నా అంటే నమ్మకండి. తల్లికి ఉండి, పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపల టీకా పడకపోతే బిడ్డకు అంటుతది. ఇంట్ల కాన్పులైన కాలంలో ఆ టీకా ఎక్కడిది? ఆర్‌ఎంపీ డాక్టరు ఒకే సూదితో పది మందికి ఇంజక్షన్ ఇచ్చిన రోజులు మన పెద్దలు చూసిండ్రు. జాతరల్ల ఒకే సూదితో వరుసగ పచ్చబొట్లు పొడిపించుకునుడు, ఒకే బ్లేడుతో గీకుడు, ఇవన్నీ దారులే. రోడ్డు లేని తండాకు ఆస్పత్రి దూరమైనట్టే, టీకా కూడా దూరమైంది. ఒకటి గుర్తుంచుకోండి: కలిసి తింటే, చెయ్యి పట్టుకుంటే, పక్కన పడుకుంటే ఇది రాదు. పాజిటివ్ వచ్చినోళ్లను హాస్టల్‌లో దూరం పెట్టుడు తప్పు.

హైదరాబాద్ టీకా

మొదటి టీకా 1981లో అమెరికాలో వచ్చింది. దాన్ని వైరస్ ఉన్న మనుషుల రక్తం నుంచే తీసిండ్రు. 1986లో ఈస్టు కణాలల్ల వైరస్ జన్యువును పెట్టి, పైపొర ప్రొటీన్‌ను తయారుచేసే పద్ధతి వచ్చింది. రక్తం అవసరం పోయింది, ధర మాత్రం పోలేదు. మన దేశానికి దిగుమతై వచ్చే టీకా ఒక్కో డోసు వందల రూపాయలు. మూడు డోసులు వెయ్యాలె. కూలీ ఇంట్ల నలుగురు పిల్లలుంటే ఆ లెక్క మీరే వేసుకోండి.

కె.ఐ. వరప్రసాద్ రెడ్డి అనే ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ 1993లో తన తల్లి శాంతమ్మ పేరు మీద హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టిండు. ఆయన బయాలజీ చదివినోడు కాదు. కాని యువ శాస్త్రవేత్తలను జమ చేసి పిచియా అనే ఈస్టు రకంలో టీకా తయారుచేయించిండు. 1997 ఆగస్టులో షాన్‌వ్యాక్ బీ బయటికి వచ్చింది. జన్యు పద్ధతిలో మన దేశంలో తయారైన మొదటి టీకా అదే. ఆ వెంటనే భారత్ బయోటెక్ కూడా తన టీకాతో దిగింది. పోటీతో ధర వందల నుంచి పదుల రూపాయలకు పడిపోయింది. ప్రభుత్వం అందరికీ ఇయ్యగలిగే ధరకు వచ్చింది అప్పుడే.

అయినా టీకా వెంటనే మన తండాకు రాలేదు. 2002 నుంచి కొన్ని నగరాల్లో, జిల్లాల్లో ప్రయోగాత్మకంగా మొదలుపెట్టి, 2007-08లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో కలిపి పది రాష్ట్రాలకు, 2011లో దేశమంతటికీ ఇచ్చిండ్రు. ఇక్కడ ఆగి మీ పుట్టిన సంవత్సరం చూసుకోండి. 2007 కన్నా ముందు పుట్టి, ఇప్పుడు డిగ్రీ అయిపోవచ్చినోళ్లలో, పీజీలో, కోచింగ్ సెంటర్లల్ల ఉన్న మనలో చాలా మందికి చిన్నప్పుడు ఈ టీకా పడి ఉండకపోవచ్చు.

నేల ఉసిరి సంగతి

పసరు గురించి కూడా న్యాయంగ మాట్లాడుకోవాలె. కామెర్లకు మన పెద్దలు వాడే మొక్కలల్ల నేల ఉసిరి ఒకటి. దాన్ని సైన్సు పట్టించుకోలేదని అనుకోకండి. స్వయంగా బ్లంబర్గే దాని మీద పనిచేసిండు. 1988లో మద్రాసు పరిశోధకులతో కలిసి లాన్సెట్ పత్రికలో ప్రచురించిన చిన్న పరీక్షలో, ఆ మందు తీసుకున్నోళ్లలో సగానికి పైగా మందిలో వైరస్ యాంటిజెన్ పోయిందని రాసిండ్రు. ప్రపంచమంతా ఆశపడ్డది. కాని తర్వాత థాయిలాండ్ వంటి చోట్ల మళ్లీ పరీక్షిస్తే ఆ ఫలితం రాలేదు. కాబట్టి ఇయ్యాల బీ, సీ వైరస్‌లకు పసరు మీద ఆధారపడుడు ప్రమాదం. మన పెద్దల అనుభవాన్ని గౌరవించాలంటే దాన్ని పరీక్షకు నిలబెట్టాలె. నిలబడితే తీసుకోవాలె, నిలబడకపోతే ఒప్పుకోవాలె.

జన్యువు నోరు మూయించుడు అంటే?

టీకా రాకముందు కాపాడుతది. ఇప్పటికే వైరస్ ఉన్నోళ్ల సంగతేంది? టెనోఫోవిర్ వంటి గోళీలు వైరస్ పెరుగుదలను అణిచిపెడుతయి, కాని చాలా మంది ఏండ్ల తరబడి, కొందరు జీవితాంతం మింగాలె. అందుకే శాస్త్రవేత్తలు ఇంకో దారి వెతికిండ్రు. దాని పేరు జీన్ సైలెన్సింగ్.

భూమి రికార్డుతో పోల్చి చెప్తా, మనకు బాగా తెలిసిన కష్టం కదా. తహసీల్ ఆఫీసు రికార్డు రూంలో అసలు పహాణీ ఉంటది. దాన్ని బయటికి తియ్యరు. నకలు తీసి ఇస్తరు, ఆ నకలు పట్టుకొని బయట పనులన్నీ నడుస్తయి. కణంలో డీఎన్ఏ అసలు పహాణీ. ఆర్ఎన్ఏ దాని నకలు. ఆ నకలు చూసే కణం ప్రొటీన్లు తయారుచేస్తది. ఇప్పుడు అసలు రికార్డు జోలికి పోకుండ, ఒక్క సర్వే నంబరు నకళ్లను మాత్రమే ఏరి చింపేస్తే? ఆ జన్యువు ఉన్నా దాని మాట చెల్లదు. ఇదే జీన్ సైలెన్సింగ్.

ఇది మొదట కనబడింది పువ్వులల్ల. 1990లో అమెరికాలో పెటూనియా పువ్వుకు ఇంకా ముదురు రంగు రావాలని రంగు జన్యువును అదనంగ పెడితే, కొన్ని పువ్వులు తెల్లగ పూసినయి. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు. 1998లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో ఒక చిన్న నులిపురుగు మీద పనిచేసి రహస్యం విప్పిండ్రు. రెండు పోగుల ఆర్ఎన్ఏ కణంలోకి పోతే, కణం దాన్ని చిన్న ముక్కలు చేసి, ఆ ముక్కను గుర్తుగా పట్టుకొని దానికి సరిపోయే నకళ్లన్నిటినీ వెతికి కోసేస్తది. ఎనిమిదేండ్లకే, 2006లో వాళ్లకు నోబెల్ వచ్చింది. 2001లో జర్మనీలో థామస్ టుష్ల్ బృందం 21 అక్షరాల చిన్న ఆర్ఎన్ఏ ముక్కతో మనిషి కణాలల్ల కూడా ఇది పనిచేస్తదని చూపింది.

వెంటనే అందరి కండ్లు కాలేయ వైరస్‌ల మీద పడ్డయి. దానికి కారణముంది. హెపటైటిస్ బీ వైరస్ జన్యు పదార్థం మొత్తం దాదాపు 3,200 అక్షరాలే. నాలుగు జన్యువులు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటయి. దాని నకళ్లన్నిటి తోక ఒక్కటే. ఆ తోకకు గురి పెట్టిన ఒక్క ముక్క అన్ని నకళ్లనూ కొయ్యగలుగుతది. 2003లో స్టాన్‌ఫర్డ్‌లో మార్క్ కే ప్రయోగశాల ఎలుకల కాలేయంలో హెపటైటిస్ బీని ఇట్ల అణచగలమని చూపింది. అదే ఏడు వేరే దేశాల బృందాలు ప్రయోగశాలలో పెంచిన కాలేయ కణాలల్ల చూపినయి. కాలేయ పరిశోధనలో ఎక్కువగ వాడే కణాలల్ల హెప్‌జీ2 అన్నది అర్జెంటీనాకు చెందిన ఒక 15 ఏండ్ల పిల్లగాని కాలేయ కణితి నుంచి, హూ7 అన్నది ఒక జపాన్ మనిషి కణితి నుంచి వచ్చినయి. ఇక్కడ కూడా రెండు కోడ్ పేర్లే ప్రసిద్ధికెక్కినయి.

దారిలో దెబ్బలు

కథ ఇక్కడితో సుఖంగ అయిపోలేదు. 2006లో అదే మార్క్ కే ప్రయోగశాల ఒక చేదు నిజం బయటపెట్టింది. కాలేయంలో ఈ ముక్కలను ఆగకుండ తయారుచేసే 49 రకాల నిర్మాణాలను ఎలుకల్లో పరీక్షిస్తే, 36 రకాలు కాలేయాన్ని దెబ్బతీసినయి, 23 రకాల వల్ల ఎలుకలు చచ్చిపోయినయి. కణానికి తన సొంత చిన్న ఆర్ఎన్ఏలు ఉంటయి, వాటి పనికి అవసరమైన యంత్రాంగాన్నంతా మనం పంపిన ముక్కలే ఆక్రమించుకున్నయి. తమ పద్ధతి మీద తామే పరీక్ష పెట్టి, చెడు ఫలితాన్ని దాచకుండ ప్రచురించిండ్రు. సైన్సులో నమ్మదగింది ఈ గుణమే.

2016లో ఏఆర్‌సీ-520 అనే మందు మనుషుల పరీక్షల దాక వచ్చినంక ఆగిపోయింది. మందును కాలేయంలోకి చేర్చే వాహకంతో జరిగిన ఎక్కువ మోతాదు పరీక్షల్లో జంతువులు చనిపోయినయి. 2017లో ఆ పరిశోధనల నుంచే ఇంకో సంగతి తెలిసింది. వైరస్ తన జన్యు ముక్కలను మన క్రోమోజోముల్లో కూడా అతికిస్తది. అట్ల అతికిన ముక్కల నకళ్లకు ఆ తోక ఉండకపోవచ్చు, అప్పుడు కత్తి వాటికి తగలదు. ఇక కణ కేంద్రకంలో వైరస్ అసలు డీఎన్ఏ గుండ్రంగ చుట్టుకొని అట్లనే ఉంటది. నకళ్లు చింపితే అసలు పహాణీ చిరగదు కదా.

తర్వాత ఉపాయం మారింది. కాలేయ కణాల మీద ఒక రకం చక్కెరను పట్టుకునే గ్రాహకాలు ఉంటయి. ఆ చక్కెరను ఆర్ఎన్ఏ ముక్కకు అతికించి చర్మం కింద సూది ఇస్తే, అది నేరుగ కాలేయానికే పోతది. 2018లో ప్రపంచంలో మొదటి ఆర్ఎన్ఏ సైలెన్సింగ్ మందుకు అమెరికాలో అనుమతి వచ్చింది. అది వేరే అరుదైన నరాల జబ్బుకు. 2019లో ఈ చక్కెర పద్ధతి మందు మొదటిది వచ్చింది, అది కూడా వేరే జబ్బుకే. హెపటైటిస్ బీ విషయంలో 2024 చివర్ల వచ్చిన ఒక పరీక్ష ఫలితం చూడండి. జాల్‌నెసిరాన్ అనే మందును ఇంటర్‌ఫెరాన్‌తో కలిపి ఇస్తే, చికిత్స ఆపిన 24 వారాల తర్వాత 23 శాతం మందిలో పైపొర యాంటిజెన్ కనబడలేదు. మొదట్లోనే యాంటిజెన్ ఎక్కువగ ఉన్నోళ్లకు ఆ ఫలితం రాలేదు. అంటే ఆశ నిజమైందే, కాని పూర్తి నివారణ ఇంకా చేతికి రాలేదు. ఎవరన్నా ‘జీన్ మందుతో గ్యారంటీగ పోగొడతం’ అని పైసలు అడిగితే ఇయ్యకండి.

కందుకూరు భూమి, ఖమ్మం పిల్లలు

ఇదంతా ఎక్కడో అమెరికాల జరిగే ముచ్చట, మనకెందుకు అంటరేమో. శంషాబాద్ విమానాశ్రయం దాటి శ్రీశైలం రోడ్డు పట్టుకొని పోతే కందుకూరు వస్తది. ఈ కందుకూరు, యాచారం, కడ్తాల్ మండలాల భూముల్లోనే 19 వేల ఎకరాల పైచిలుకుతో ఫార్మాసిటీ అన్నరు. ముచ్చర్ల పేరు పేపర్లల్ల ఎన్నిసార్లు వచ్చిందో మీకు తెలుసు. అసైన్డ్ భూములు, పట్టా భూములు పోయినయి, రైతులు ధర్నాలు చేసిండ్రు, కోర్టుకు పోయిండ్రు. ఇప్పుడు అదే జాగల ఫ్యూచర్ సిటీ అంటున్నరు. 2024 ఆగస్టు 1న మీర్‌ఖాన్‌పేట దగ్గర స్కిల్స్ యూనివర్సిటీకి శంకుస్థాపన జరిగింది. ఇంకో దిక్కు, బెంగళూరు రోడ్డు మీద కొత్తూరులో నాట్కో ప్లాంటు ఉంది. హెపటైటిస్ సీ వైరస్‌ను తొలగించే సోఫోస్‌బువిర్ గోళీ అమెరికాలో వెయ్యి డాలర్లు పలికితే, 2015లో ఈ కంపెనీ 28 గోళీల డబ్బా 19,900 రూపాయలకు తెచ్చింది. అంటే మందులు తయారుచేసే నేల మనది. భూమి ఇచ్చేది, గేటు కాడ కూలీకి నిలబడేది మనోళ్లు. ప్రయోగశాల లోపల మనోళ్లు ఎంతమంది?

ఇంకో చరిత్ర కూడా మరువొద్దు. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాల, భద్రాచలం వైపు ఆశ్రమ హాస్టళ్లల్ల చదివే గిరిజన ఆడపిల్లలతో సహా వేల మంది 10 నుంచి 14 ఏండ్ల పిల్లలకు హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు కింద సూదులు వేసిండ్రు. చాలా చోట్ల తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు అనుమతి కాగితం మీద సంతకం పెట్టిండ్రు. 2010లో ప్రాజెక్టును ఆపిండ్రు. ఆ కాలంలో జరిగిన మరణాలకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. కాని అనుమతి తీసుకున్న తీరును 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగ తప్పుపట్టింది. టీకా మంచిదే అయినా, అడగకుండ వేస్తే మనిషిని మనిషిగ చూడనట్టే. అమెరికాలో హవసుపాయి అనే ఆదివాసి తెగ, షుగర్ జబ్బు పరిశోధన కోసమని ఇచ్చిన రక్తాన్ని వేరే పనులకు వాడిండ్రని కోర్టుకు పోయింది. 2010లో యూనివర్సిటీ రాజీకొచ్చి పరిహారం ఇచ్చింది, మిగిలిన నమూనాలను తిరిగి ఇచ్చింది. అడిగితేనే అది సాధ్యమైంది.

రేపు జీన్ సైలెన్సింగ్ మందుల పరీక్షలు మన దిక్కు కూడా రావచ్చు. 2022 లెక్కల ప్రకారం మన దేశంలో దాదాపు 2 కోట్ల 98 లక్షల మందికి హెపటైటిస్ బీ ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అంతమంది ఉన్న దేశాన్ని పరీక్షలు వదలవు, వదలొద్దు కూడా. మనం లేని పరీక్షలో తేలిన మోతాదు మనకు సరిపోతదో లేదో ఎవరు చెప్తరు? కాబట్టి వద్దు అనకుండ ప్రశ్నలు అడుగుదాం. కాగితం మన భాషల చదివి వినిపించిండ్రా? నా రక్తాన్ని ఇంకా దేనికి వాడుతరు? మధ్యల మానుకుంటే నా చికిత్స ఆగుతదా? మందు పనిచేస్తే మా ఊరికి ఏ ధరకు వస్తది?

ఈ వారం చెయ్యాల్సినవి

ఒకటి, హెచ్‌బీఎస్ఏజీ పరీక్ష చేయించుకోండి. 2018 జూలై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ ఆస్పత్రుల్లో బీ, సీలకు పరీక్ష, మందులు ఉచితం. రెండు, నెగెటివ్ వస్తే, టీకా పడ్డట్టు కార్డు లేకపోతే, డాక్టర్‌ను అడిగి మూడు డోసులు వేయించుకోండి. మొదటిది, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. నర్సింగ్, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుల్లో ఉన్నోళ్లు అస్సలు ఆలస్యం చెయ్యొద్దు. మూడు, పాజిటివ్ వస్తే పరేషాన్ కావద్దు. అందరికీ వెంటనే మందు అవసరం పడదు, కాని ఆరు నెలలకోసారి చూపించుకోవాలె. మందు తాగుడు బంద్ చెయ్యాలె. ఇంట్లోళ్లందరికీ పరీక్ష చేయించాలె. నాలుగు, తండాలో ఎవరు కడుపుతో ఉన్నా ఆస్పత్రిలనే కాన్పు చేయించి, పుట్టిన 24 గంటల్లోపల బిడ్డకు టీకా పడ్డదా అని ఆశా అక్కను అడగండి.

ఐదోది బైపీసీ, బయోటెక్నాలజీ, ఫార్మసీ చదివే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు. ఉప్పల్ రోడ్డు మీద సీసీఎంబీ ఉంది, తుర్కపల్లి వైపు జీనోమ్ వ్యాలీ ఉంది, ఎమ్మెస్సీ తర్వాత జేఆర్ఎఫ్ పరీక్ష ఉంది. ఎస్టీ విద్యార్థులకు కేంద్రం ఇచ్చే పీహెచ్‌డీ ఫెలోషిప్ ఉంది. దరఖాస్తు ఎట్ల పెట్టాలో తెలిసినోళ్లు కింద రాయండి, తెలియనోళ్లు మొహమాటం లేకుండ అడగండి. అరవై ఏండ్ల కింద మన అసొంటి ఒక మనిషి రక్తం మైక్రోస్కోపు కింద ఉండె. ఆ మైక్రోస్కోపులోకి చూసే కన్ను కూడా మనదై ఉంటే, ‘ఈ నమూనా ఎవరిది, వాళ్లకు తిరిగి ఏం చెప్పినం’ అని అడిగేటోళ్లు లోపలే ఉంటరు.

టీకా ఎప్పుడు వేయించుకుంటున్నరో కూడా కామెంట్ పెట్టండి. ఒక హాస్టల్ నుంచి పది మంది కలిసి పోతే, ఒక్కరే పోవడానికి భయపడేటోళ్లు కూడా వస్తరు.